‘కరీంనగర్ తీస్కపోండి’ అన్న మాట తరువాత

వెల్గటూర్ మండలంలో కాన్పుల ప్రస్తావన వచ్చిన ఇళ్లలో మాకు ఎక్కువగా వినిపించిన వాక్యం ఒక్కటే: ‘మాతోని కాదు, కరీంనగర్ తీస్కపోండి.’ దీనిని ఒక్కొక్కరు ఒక్కొక్క ఆసుపత్రిలో విన్నారు. కొందరు పగలు విన్నారు, ఎక్కువమంది రాత్రి విన్నారు. ఎనిమిది నెలలు సక్రమంగా పరీక్షలకు వచ్చిన స్త్రీకి తొమ్మిదో నెల నిండబోతున్న సమయంలో ఈ మాట చెప్పడం అంటే, ఇన్నాళ్ల మీ రాకపోకలతో మాకు సంబంధం లేదని చెప్పడమే. ఆ మాట వెంట ఒక్కోసారి ఒక చీటీ వస్తుంది. చాలాసార్లు చీటీ కూడా రాదు.

వెల్గటూర్ ఎక్కడ ఉన్నదో తెలియని పాఠకులకు ఈ మాట బరువు అందదు. మండలం గోదావరి ఒడ్డున ఉన్నది. రాయపట్నం వంతెన దాటితే లక్సెట్టిపేట, ఆపైన మంచిర్యాల. రాయపట్నం నుంచి ధర్మపురి మీదుగా వెళితే జిల్లా కేంద్రమైన జగిత్యాల. ఇటువైపు ధర్మారం, చొప్పదండి దాటితే కరీంనగర్. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్విభజన జరిగేవరకు మనకు కరీంనగరే జిల్లా కేంద్రం. కాబట్టి ‘పెద్ద దవాఖాన’ అంటే పాతతరం మనసులో ఇప్పటికీ కరీంనగరే మెదులుతుంది. మూడు జిల్లా కేంద్రాలకు దారులున్న మండలమే అయినా, నొప్పులు మొదలైన స్త్రీకి ‘ఇది నీ ఆసుపత్రి’ అని ఖాయంగా చెప్పగల చోటు ఒక్కటీ లేదు. ఎల్లంపల్లి నీటిలో ఊళ్లు మునిగి పునరావాస కాలనీలకు చేరిన కుటుంబాల పరిస్థితి మరింత అయోమయం. పాత ఊరిలో తెలిసిన ఏఎన్ఎం, తెలిసిన ఆటో, తెలిసిన ఇరుగుపొరుగు ఉండేవారు. కొత్త కాలనీలో అవన్నీ మళ్లీ వెతుక్కోవాలి.

మరి ఆ రాత్రి ఆమె వెంట ఎవరు వెళతారు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంగతి తెలిసినవారికి జవాబు చెప్పనక్కరలేదు. భర్త దుబాయిలోనో, సౌదీలోనో, కువైట్‌లోనో ఉంటాడు. ఫోన్‌లో ఏడుస్తాడు, డబ్బు పంపుతానంటాడు. వెంట వెళ్లేది అమ్మీ లేదా అత్తమ్మ. వారిలో చాలామందికి ఇంటి మాట ఉర్దూ. తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. ఆసుపత్రిలో చేతికిచ్చే కాగితం మాత్రం ఉర్దూలోనూ ఉండదు, తెలుగులోనూ ఉండదు. ఇంగ్లిషులో, అదీ వైద్యుల పొట్టి అక్షరాల్లో ఉంటుంది.

ఈ వ్యాసంలో మేము ఏ వైద్యురాలినీ, ఏ సిస్టర్‌నూ బోనులో నిలబెట్టదలచుకోలేదు. ప్రభుత్వ ప్రసూతి వైద్యం ఏమీ సాధించలేదని కూడా అనదలచుకోలేదు. సాధించింది. 2011-13 నాటి నమూనా నమోదు లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 92 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కు తగ్గింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. మన నానీల కాలంలో ఇంటి మూలగదిలో దాయి చేతిలో పోయిన ప్రాణాలను తలచుకుంటే ఇది చిన్న విషయం కాదు.

అదే సర్వే పుస్తకంలో మరికొన్ని అంకెలున్నాయి. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కడుపు కోతతో జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. మనల్ని తీసుకుపొమ్మనే ఆ కరీంనగర్ జిల్లాలో 82.4 శాతం. వైద్యపరంగా సిజేరియన్ అవసరమయ్యే కాన్పులు నూటికి పది, పదిహేను మించవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. వందలో పదిహేనుకూ, వందలో ఎనభైరెండుకూ మధ్య ఉన్న స్త్రీలందరి కడుపులూ ఎందుకు కోయవలసి వచ్చిందో వివరించే బాధ్యత ఎవరిది?

చాలామంది దీనికి ముహూర్తాల పిచ్చి కారణమంటారు. మంచి ఘడియ చూసుకొని కాన్పు పెట్టించుకునే ఆచారం ఈ ప్రాంతంలో ఉన్న మాట నిజం. అయితే మన ఇళ్లలో ముహూర్తాలు లేవు. అయినా మన ఆడపిల్లల కడుపుల మీద ఆ గీత ఉన్నది. కాబట్టి కారణం పంచాంగంలో మాత్రమే లేదు. కొంతైనా ప్రసూతి వార్డు వరండాలో వెతకాలి.

ఆ వరండాలో ఏమి జరుగుతుందో స్త్రీలు మాకు చెప్పిన మాటలను కలిపి ఇక్కడ రాస్తున్నాము. ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు. ఏ పేరు రాసినా మిగిలినవి తప్పించుకుంటాయి.

చివరి నెలలో పరీక్షకు వెళ్లిన స్త్రీ ఉదయం ఏడు గంటలకు ఇల్లు వదులుతుంది. ఓపీ చీటీ వరుస, బీపీ వరుస, రక్తం వరుస, స్కానింగ్ వరుస. కూర్చోవడానికి బల్ల దొరకదు. దొరికినా నిండు గర్భిణి లేచి మరొకరికి చోటివ్వవలసి వస్తుంది, ఎందుకంటే వచ్చినవారంతా నిండు గర్భిణులే. మధ్యాహ్నానికి డాక్టరమ్మ ముందుకు చేరుతుంది. ఆమె కార్డు చూస్తుంది, మనిషిని చూసే తీరిక ఆమెకు లేదు. ‘ఉమ్మనీరు తక్కువుంది’, ‘బిడ్డ బరువు తక్కువుంది’, ‘తల కిందికి రాలే’ వంటి మూడు నాలుగు మాటల్లో ఒకటి చెవిన పడుతుంది. ఎంత తక్కువ? ప్రమాదమా? ఏమి చేయాలి? అడిగేలోపు తరువాతి కార్డు బల్ల మీదికి వస్తుంది. ఆ ఒక్క మాటను మోసుకొని ఆమె ఇంటికి వస్తుంది. నిద్రపట్టని ఆ రాత్రుల్లో ఆ మాట పెద్దదవుతుంది. మరునాడో మూడోనాడో ఇంటివారు ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళతారు. అక్కడ అదే మాట చెప్పి, వెంటనే ఆపరేషన్ చేయాలంటారు. ఎవరు కాదనగలరు?

మరొక స్త్రీకి నొప్పులు వచ్చాయి. వెళితే ‘ఇంకా టైముంది, ఇంటికి పో’ అన్నారు. వైద్యశాస్త్రం ప్రకారం అది సరైన సలహాయే కావచ్చు. తొలి కాన్పులో నొప్పులు మొదలైన తరువాత చాలా గంటలు పట్టవచ్చు. కాని ఆ సలహా జగిత్యాల పట్టణంలో నివసించే స్త్రీకి వర్తించినట్లు, రాత్రి ఆటో దొరకని పల్లెకు తిరిగి వెళ్లవలసిన స్త్రీకి వర్తిస్తుందా? ఆమె ఇంటికి చేరి, మళ్లీ బయలుదేరి, రెండవసారి వచ్చేసరికి బెడ్లు నిండిపోయాయి. అప్పుడు ‘కరీంనగర్ తీస్కపోండి.’ బిడ్డ క్షేమంగా పుట్టింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కాని ఆ స్త్రీ మాతో అన్న మాట మరచిపోలేకపోతున్నాము. నొప్పి కంటే, నొప్పి వస్తున్నదని చెబితే నమ్మకపోవడమే తనను ఎక్కువ బాధించిందని చెప్పింది.

ఇక బుర్ఖా వేసుకొని వచ్చిన స్త్రీ వినే అదనపు మాటలున్నాయి. ‘ఇది ఎన్నోది?’ అన్న ప్రశ్న వైద్యపరమైన ప్రశ్నే. దాని వెంట వచ్చే నవ్వు, ‘మీవాళ్లు ఇంతే’ అన్న మాట వైద్యం కాదు. 1992-93 నాటి మొదటి కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. ఐదవ సర్వే నాటికి 2.36. ఇంత వేగంగా మారిన సమాజపు స్త్రీ ఇంకా ఆ వెక్కిరింపు భరించవలసి రావడం అన్యాయం. అందరు సిబ్బందీ ఇలా ఉండరు. రాత్రంతా చేయి పట్టుకొని కూర్చున్న సిస్టర్ల గురించీ, దువా చేస్తున్న అత్తమ్మకు కుర్చీ తెచ్చి ఇచ్చిన ఆయమ్మల గురించీ కూడా విన్నాము. కాని మర్యాద అనేది ఆ రాత్రి డ్యూటీలో ఎవరుంటారన్న అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఇప్పుడు సిబ్బంది వైపు నుంచి చూద్దాము. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ పథకం మొదలైంది. మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేల రూపాయలు వాయిదాల్లో ఇస్తామన్నారు. పథకం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుల వాటా నాలుగో సర్వేకూ ఐదవ సర్వేకూ మధ్య గణనీయంగా పెరిగి దాదాపు సగానికి చేరింది. (వాయిదాల డబ్బు ఖాతాలో పడలేదన్న ఫిర్యాదు మన ఇళ్లలో విననిది కాదు. అది వేరే కథ.) అయితే జనం వచ్చిన వేగంతో ప్రసూతి గదిలో చేతులు పెరిగాయా? పల్లెనుంచి తల్లిని పిలుచుకురావడానికి ఆశా కార్యకర్తకు లక్ష్యం పెట్టారు, తీసుకురావడానికి వాహనం పెట్టారు. ఆమెను దింపుకొనే బల్ల దగ్గర మాత్రం అదే సిస్టర్ ఒంటరిగా నిలబడి ఉన్నది. ఒక గదిలో ముగ్గురికి నొప్పులు వస్తుంటే ఒక్క సిస్టర్ ఎవరి బీపీ చూడాలి, ఎవరి బిడ్డ గుండె చప్పుడు వినాలి, ఎవరి వీపు నిమరాలి? ఆమె కసురుకోవడాన్ని మేము సమర్థించము. కాని ఆ కసురు ఎక్కడ పుట్టిందో గ్రహించగలము.

2022 నవంబర్‌లో జగిత్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023 సెప్టెంబర్‌లో సిరిసిల్లకు, కరీంనగర్‌కు వచ్చాయి. బోర్డులు పెద్దవయ్యాయి, సంతోషం. వైద్య కళాశాల వస్తే వెల్గటూర్ స్త్రీకి కరీంనగర్ దారి తప్పుతుందని అందరూ ఆశించారు. ఆ ఆశ ఎంతవరకు తీరిందో కొలవడానికి ఒక సులభమైన కొలబద్ద ఉన్నది. ప్రసవానికి మొదటి ఆశ్రయంగా గుర్తించిన ఆసుపత్రిలో ఇరవైనాలుగు గంటలూ మూడు తప్పనిసరిగా ఉండాలని కేంద్ర ఆరోగ్య శాఖ నియమం: అత్యవసర ఆపరేషన్ చేయగల ఏర్పాటు, పుట్టిన బిడ్డకు చికిత్స, నిల్వ రక్తం. రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టరు లేరని చెప్పి పంపించే ఆసుపత్రి పగలు ఎంత పెద్దదైనా ఆ నియమం తప్పినట్లే.

సిబ్బంది మీద బరువు ఎక్కువైనదన్నది సత్యం. అయితే ఆ బరువు ఎక్కడికి పోతున్నది? పీహెచ్‌సీ దానిని ఏరియా ఆసుపత్రికి దింపుతుంది. ఏరియా ఆసుపత్రి జిల్లా ఆసుపత్రికి దింపుతుంది. జిల్లా ఆసుపత్రి కరీంనగర్‌కు, లేదా మాటల్లో చెప్పకుండానే ప్రైవేటుకు దింపుతుంది. చివరికి ఆ బరువంతా దింపుకోవడానికి వీలులేని ఒకే మనిషి మీద పడుతుంది. ఖాళీ పోస్టు భర్తీ కాకపోవడానికి మూల్యం ఆమె శరీరం చెల్లిస్తున్నది. దీనిని మేము కేవలం వైద్య సమస్యగా భావించడం లేదు, హక్కుల సమస్యగా భావిస్తున్నాము.

డబ్బు మూల్యం కూడా చూడండి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పట్టణాల్లో మన స్త్రీలు బీడీలు చుట్టి సంపాదించేది ఎంతో ఈ పత్రిక పాఠకులకు తెలుసు. గర్భం నిండినప్పటికీ చాట ఒడిలో పెట్టుకొని, పొగాకు ధూళి పీలుస్తూ, నడుము వంచి కూర్చునే పని అది. తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని సర్వే చెబుతున్నది. బీడీ చాట ముందు కూర్చున్న గర్భిణిని చూసినవారికి ఆ అంకె ఆశ్చర్యం కలిగించదు. ఆ ఇంటిమీద ప్రైవేటు ఆసుపత్రి బిల్లు వేల రూపాయల్లో పడితే గాజులు కుదువకు పోతాయి, లేదా గల్ఫ్ వీసా అప్పు మీద మరొక అప్పు చేరుతుంది.

అదీ కుదరని ఇంటివారు మస్జిదు గుమ్మం దగ్గరికి వస్తారు. జుమా తరువాత చాదర్ పరిచి చందా పోగుచేసి ఆసుపత్రి బిల్లు కట్టిన సందర్భాలు మన పట్టణాల్లో ఎన్నో. అందులో జకాత్ సొమ్ము కూడా ఉంటుంది. ఆపదలో ఉన్న తల్లికి సాయం చేయడం పుణ్యమే, ఎవరూ ఆపకూడదు. కాని ఒక్కసారి లెక్క తిరగేసి చూడండి. రాజ్యం ఉచితంగా చేస్తానని చట్టబద్ధంగా మాట ఇచ్చిన పనికి పేదల జకాత్ ఖర్చవుతున్నది. ఆ సొమ్ముతో చదవవలసిన పిల్లలు చదువు మానుకుంటున్నారు.

ఆ మాట ఏమిటో చాలామందికి తెలియదు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, అవసరమైతే ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ఇంటినుంచి ఆసుపత్రికీ, ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికీ, తిరిగి ఇంటికీ వాహనం ఉచితం. అంటే ‘కరీంనగర్ తీస్కపోండి’ అనే అధికారం ఏ ఆసుపత్రికీ లేదు. ‘మేమే పంపిస్తున్నాము’ అనవలసిన బాధ్యత ఉన్నది. చీటీ రాసి, వాహనం పిలిచి, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి పంపడం వారి పని. ఆటో వెతుక్కోవడం అత్తమ్మ పని కాదు. 2019 అక్టోబర్‌లో కేంద్రం ప్రకటించిన ‘సుమన్’ కార్యక్రమం మరొక అడుగు ముందుకు వేసి, సేవ నిరాకరణను ఏమాత్రం సహించేది లేదని, గౌరవంతో కూడిన ప్రసూతి సేవ ప్రతి స్త్రీకీ హామీ అని చెప్పింది. నొప్పుల సమయంలో తోడుగా ఒక స్త్రీని ప్రసూతి గదిలోకి అనుమతించాలన్న ఆదేశం 2016 నుంచీ ఉన్నది. మన ఆసుపత్రుల్లో ఎన్నిచోట్ల అమ్మీని లోపలికి రానిస్తున్నారు?

న్యాయస్థానాలు కూడా మాట్లాడాయి. గాయపడిన ఒక వ్యవసాయ కార్మికుడిని బెడ్లు లేవంటూ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి తిప్పి పంపిన పశ్చిమ బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. సకాలంలో వైద్యం అందించకపోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధుల కొరత సాకు కాదని అన్నది. ఢిల్లీలో నిలువ నీడలేని ఒక పేద ముస్లిం స్త్రీ చెట్టు కింద ప్రసవించవలసి వచ్చినప్పుడు ఆమె తల్లి కోర్టు గడప ఎక్కింది. మరొక ప్రసూతి మరణం కేసుతో కలిపి దానిని విచారించిన ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. మురళీధర్ 2010 జూన్ 4న తీర్పు ఇస్తూ, ప్రసూతి సంరక్షణ జీవించే హక్కులో భాగమని స్పష్టం చేశారు. ఆ తల్లి చదువుకున్నది కాదు, పలుకుబడి ఉన్నది కాదు. పట్టుకొని అడిగింది, అంతే.

మనం ఎందుకు అడగడం లేదు? దీనికి ఒక కారణం మన మాటల్లోనే ఉన్నది. ప్రసవంలో మరణించిన స్త్రీకి షహీద్ దర్జా లభిస్తుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. ఆ హదీసు ఆ తల్లికి గౌరవం, ఆమె కుటుంబానికి ఓదార్పు. కాని దానిని అడ్డుపెట్టుకొని ప్రశ్నను మూసివేయడం ధర్మం కాదు. ‘అల్లాహ్ మర్జీ’ అని మయ్యత్ దగ్గర ఓర్పుగా అనవచ్చు. ప్రాణం ఉండగా రక్తం దొరకలేదంటే, అది స్టోర్‌లో ఎందుకు లేదని అడగడం విశ్వాసానికి లోపం కాదు. దివ్య ఖుర్ఆన్‌లో మర్యమ్ సూరా ప్రసవ వేదనను ఎంత సూటిగా ప్రస్తావించిందో గుర్తు చేసుకోండి. ఖర్జూరపు మొదలుకు ఆనుకొని తాను ముందే చనిపోయి ఉంటే బాగుండునని అనుకున్న ఆ పవిత్ర స్త్రీకి మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ధైర్యవచనం వచ్చింది, నీరు వచ్చింది, ఆహారం వచ్చింది. నొప్పితో అరిచిన స్త్రీని కసరడం ఏ మార్గమో దీనినిబట్టి తెలుసుకోవచ్చు.

చరిత్ర గ్రంథాలు చెప్పే ఒక సంఘటన మన ఉపన్యాసాల్లో తరచూ వస్తుంది గాని దానిని ప్రసూతి వైద్యంతో ముడిపెట్టి మాట్లాడినవారు తక్కువ. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి గస్తీలో మదీనా వెలుపల ఒక గుడారం దగ్గర ఆగారు. లోపలినుంచి స్త్రీ మూలుగు వినిపిస్తున్నది. బయట కూర్చున్న బాటసారి, తన భార్య నొప్పులు పడుతున్నదనీ, తోడు ఎవరూ లేరనీ చెప్పాడు, అదీ విసుగ్గా. వచ్చినవారెవరో అతనికి తెలియదు. ఖలీఫా ఇంటికి వెళ్లి తన భార్య హజ్రత్ ఉమ్మె కుల్సూమ్ (రజి)ను, కాన్పుకు కావలసిన బట్టలను, నూనెను, వంట సరుకులను వెంటబెట్టుకొని వచ్చారు. ఆమె లోపల పురుడు పోసింది. ఆయన బయట పొయ్యి ఊదుతూ వంట చేశారు. ఈ సంఘటనలో మాకు ముఖ్యంగా తోచేది ఖలీఫా వినయం కాదు. నొప్పులు పడే స్త్రీ ఉన్న చోటికి రాజ్యమే నడచి వెళ్లింది. ‘మదీనాకు తీసుకురండి’ అనలేదు.

ఆ స్త్రీకి దొరికినది పక్కన కూర్చున్న, పని తెలిసిన మరొక స్త్రీ. ఈనాటి మాటల్లో ఆమెను మిడ్‌వైఫ్ అంటారు. ఆశ్చర్యకరంగా, ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక మంచి చరిత్రే ఉన్నది. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌ల సహకారంతో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించినది కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే. మరుసటి సంవత్సరం డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. చిక్కులేని కాన్పును మొదటినుంచి చివరిదాకా చూసుకోవడం, నొప్పుల్లో ఉన్న స్త్రీని నడిపించడం, కూర్చోబెట్టడం, ధైర్యం చెప్పడం, చిక్కు కనిపించిన క్షణంలో డాక్టరును పిలవడం మిడ్‌వైఫ్ పని. దేశంలోనే అత్యధిక కోతల జిల్లాగా పేరుపడిన చోట ఆ మందు కూడా దొరికింది. దానిని మండలాలకు ఎందుకు పంచలేదు?

కాబట్టి మేము కోరుతున్నది మరొక పెద్ద భవనం కాదు. ముప్పయ్యారో వారం నుంచి ప్రతి గర్భిణికీ ఆమె కాన్పు జరిగే ఆసుపత్రి పేరు, ఆ ఆసుపత్రి నిండితే వెళ్లవలసిన రెండవ ఆసుపత్రి పేరు, రాత్రి ఎత్తి మాట్లాడే ఒక ఫోన్ నంబరు కార్డు మీద రాసి ఇవ్వాలి. దూరపు ఊళ్ల స్త్రీలను ‘ఇంకా టైముంది’ అని తిప్పి పంపేముందు ఆసుపత్రి ఆవరణలోనే వేచి ఉండే గది చూపాలి. వెల్గటూర్, ధర్మపురి వైపు స్త్రీలకు అందే ఆసుపత్రిలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను నియమించాలి. 2017 నవంబర్‌లో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసింది. ఆ చట్టం ప్రభుత్వ కార్యాలయాల నామఫలకాలతో ఆగిపోకుండా గర్భిణి కార్డు మీదికీ, ఆపరేషన్ సమ్మతి పత్రం మీదికీ రావాలి. తాను సంతకం పెడుతున్నది దేనికో తెలియని స్త్రీ ఇచ్చినది సమ్మతి కాదు.

సచార్ కమిటీ 2006లో, సుధీర్ కమిషన్ 2016లో నివేదికలిచ్చిన తరువాత మన చర్చంతా రిజర్వేషన్ శాతం చుట్టూ తిరిగింది. నాలుగా, పన్నెండా అన్న ప్రశ్న అవసరమైనదే. కాని మన సభల్లో వేదికమీద పురుషులే కూర్చున్నంతకాలం ప్రసూతి గది అజెండాలోకి రాదన్నది మా అభిప్రాయం.

జమాత్‌లు తమ చేతిలో ఉన్న పని తాము చేయాలి. ప్రతి మొహల్లాలో తొమ్మిదో నెల నడుస్తున్న స్త్రీలు ఎవరో, వారి రక్తం గ్రూపు ఏమిటో, రాత్రి వచ్చే ఆటో ఎవరిదో ఒక మహిళా బృందం దగ్గర రాసి ఉండాలి. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం లేదా చేతుల వాపు, రక్తస్రావం, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదని ఇంటి మగవారికి కూడా తెలియాలి. కోడలు ‘బిడ్డ కదలడం లేదు అత్తమ్మా’ అన్నప్పుడు ‘మాకు కాలేదా కాన్పులు’ అన్న జవాబు కూడా ‘ఇంకా టైముంది, పో’ అన్న జవాబుకు చుట్టమే.

ఎక్కడైనా తల్లి మరణిస్తే, 2017 నాటి ప్రసూతి మరణాల సమీక్షా మార్గదర్శకాల ప్రకారం కుటుంబసభ్యులను అడిగి కారణం తెలుసుకోవాలి. కలెక్టర్ స్థాయి సమీక్షలో కుటుంబానికి మాట్లాడే అవకాశం ఉన్నది. ఆ అవకాశాన్ని వదులుకోవద్దు. ప్రాణం దక్కినవారు కూడా తమను ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు పంపారో రాసి ఉంచాలి.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టర్లతో ప్రత్యేక ఉచిత పరీక్షలు జరగాలి. 2016 నుంచి ఉన్న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమం అది. వచ్చే 9వ తేదీన వెల్గటూర్, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లోని మన పాఠకురాళ్లు ఆసుపత్రులకు వెళ్లి ఎంతమంది గర్భిణులు వచ్చారో, ఎంతమంది డాక్టర్లు ఉన్నారో, కూర్చోవడానికి ఎన్ని బల్లలున్నాయో రాసి మాకు పంపండి. దానితోపాటు సమాచార హక్కు చట్టం కింద జిల్లా వైద్యాధికారికి మూడు ప్రశ్నలు వేస్తున్నాము. ప్రసూతి విభాగంలో మంజూరైన పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని? గత సంవత్సరంలో ఇతర ఆసుపత్రులకు పంపిన గర్భిణులెందరు? వారిలో ఎందరిని ప్రభుత్వ వాహనంలో పంపారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలన్నది చట్టం. జవాబు వచ్చిన నెలలోనే ఆ లెక్కను, మీరు పంపిన లెక్కను పక్కపక్కన ఈ పేజీల్లో అచ్చువేస్తాము.